ఆరో నోటుబుక్కు

తొమ్మిది నోటుబుక్కులు. బడిపిల్లలు వాడే రెండొందల పేజీలవి, అంచులు పసుపు తిరిగి, టీపాయి మీద పేకముక్కల్లా ఒకదాని కింద నుంచి ఒకటి తొంగిచూస్తూ పరిచి ఉన్నాయి, ఆమె కూర్చున్న కుర్చీకి మూరెడు దూరంలో. "అత్త బయటికొచ్చేదాకా వాటి మీద చెయ్యి వెయ్యొద్దండీ, గంట పట్టొచ్చు," అని చెప్పి ఇంటావిడ మేనకోడలు లోపలికి వెళ్ళిపోయింది, అదేదో చిన్న సంగతన్నట్టు. చెయ్యి వెయ్యొద్దంటే వెయ్యకుండా కూర్చునే మనిషే అయితే స్కూలు స్టాఫ్ రూములో ఆమెకి 'ఆరా మేడం' అన్న పేరెందుకొస్తుంది? కొత్త టీచరు చేరితే ఆవిడ ఇల్లెక్కడో, పుట్టిల్లెక్కడో, కాళ్ళకున్న చెప్పులు ఏ కొట్లో కొందో మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపల ఆరా తీసేస్తుందని పెట్టిన పేరు. మొదట్లో ఉడుక్కుంది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తున్నాడు. ఆత్మకథల మీద పరిశోధన చేస్తున్నానంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు, "బతికున్నవాళ్ళ సంగతులు చాలక పుస్తకాల్లోవాళ్ళవి కూడానా" అన్నాడు డ్రిల్లు మాస్టారు, అంతే. నలభై నాలుగేళ్ళ వయసులో చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంది ఆరా. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలైంది.

చెయ్యి వెయ్యొద్దన్నారు గానీ చూపు వెయ్యొద్దనలేదు కదా. ప్రతి నోటుబుక్కు మీదా లేబులుంది, పేరు, తరగతి, సబ్జెక్టు అని మూడు గీతలతో. పేరు దగ్గర అన్నిటి మీదా ఒకటే రాసుంది, 'నేను' అని. తరగతి దగ్గర వయసు రాసుకుంది ఆవిడ, పుట్టుక నుంచి పది, పది నుంచి పదహారు, అలా. సబ్జెక్టు దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. చూడగానే ఆరాకి ముచ్చటేసింది, తను మూడేళ్ళూ రెండొందల ఎనభై పేజీలూ పోసి చెప్పలేకపోయినదాన్ని ఒక లేబుల్లో పెట్టేసిందే ఈ మహాతల్లి అనుకుంది, పెన్ను తీసి రాసుకోబోయింది కూడా, అంతలో ఆరో లేబులు కనపడింది. తరగతి: ఇరవై తొమ్మిది నుంచి నలభై ఒకటి. పెన్ను అలాగే ఆగిపోయింది. అచ్చయిన ఆవిడ ఆత్మకథలో ఆ పన్నెండేళ్ళూ లేవు. ఐదో అధ్యాయం చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ళ ఆపరేటరమ్మని స్థానిక బోర్డు నుంచి దూరప్రాంతాల బోర్డుకి మారుస్తారు, ఆవిడ తలదువ్వుకుని డ్యూటీకి వెళ్తుంది. పేజీ తిప్పితే నలభై ఒకటో ఏడు, నడుంనొప్పి, కొత్త మిషన్లు వస్తున్నాయన్న పుకారు. మధ్యలో ఏమైందో ఒక్క ముక్క లేదు. ఆ లేకపోవడం మీదే కదా ఆరా తన థీసిస్‌లో నాలుగో అధ్యాయం రాసింది, అరవై రెండు పేజీలు, పేరు 'మౌనం'. రాయలేదనుకున్నవి ఇక్కడ రాసే ఉన్నాయి. మూరెడు దూరంలో, నీలం అట్ట వేసుకుని.

థీసిస్ ఇవ్వడానికి రేపు సాయంత్రం ఐదింటికి ఆఖరు. ఇప్పటికి రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి పెంచరు, ఐదు దాటితే రిజిస్ట్రేషను రద్దు, మూడేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు. నాలుగు ప్రతులూ బైండింగు షాపులో ఉన్నాయి, ఇవాళ మధ్యాహ్నం అట్టలు అతికిస్తారు. గైడు గారు ముందే చెప్పారు, "వెళ్ళకమ్మా. ఆత్మకథ రాసినవాళ్ళు బతికుంటే అంతకంటే ప్రమాదం లేదు. నువ్వు పుస్తకంతోనే మాట్లాడు. మనిషితో మాట్లాడావో, నీ సిద్ధాంతం గోవిందా." మూడేళ్ళుగా ఆ ప్రమాదం లేకుండా ఆపరేటరమ్మే కాపాడింది, ఉత్తరాలు రాస్తే జవాబు లేదు, ఫోన్ చేస్తే మేనకోడలు తీసి "అత్తకి వినపడదండీ" అనేది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరినీ కలిపిన చెవులకి వినపడదట, ఆ మాట కూడా ఆరా ఒక ఫుట్‌నోట్‌లో వాడేసుకుంది. సరిగ్గా మొన్న ఆవిడే కార్డు రాసింది, 'రా, నోటుబుక్కులు చూపిస్తాను' అని రెండే ముక్కలు. ఎందుకిప్పుడు? గైడుకి చెప్పలేదు. మొగుడికి చెప్తే, "వెళ్ళకుండా ఉండగలవా?" అన్నాడు, ఆయనకి తెలుసు.

"ఇప్పుడు వినపడుతోందాండీ?" లోపలి గదిలోంచి మగ గొంతు. చెవి మిషను అమర్చడానికి వచ్చినాయన. "గుయ్యిమంటోంది." "ఇప్పుడో?" "ఎవరో పెనం మీద నీళ్ళు చల్లినట్టుంది." "అది ఫ్యానండీ." ఆ తర్వాత ముసలి గొంతు గట్టిగా, "ఎవరది మాట్లాడేది?" అంది. "మీరేనండీ. మొదట్లో సొంత గొంతే కొత్తగా వినిపిస్తుంది, కంగారు పడకండి." తలుపు ఓరగా ఉంది, గోడ పల్చన, ఆరా ప్రతి మాటా వింటోంది, వింటున్నానని తెలిసి కూడా చెవులు రిక్కించింది. వినడం తప్పా? ఆపరేటరమ్మ కూడా ఇలాగే విన్నది. వినకూడదని రూలు, కానీ లైను కలిసిందో లేదో చూడటానికి రెండు మాటలైనా వినాలి, మూడు నిమిషాలకోసారి మధ్యలో దూరి "టైమైంది, పొడిగించమంటారా?" అని అడగాలి. మూడో నిమిషంలో మనుషులు అసలు సంగతి చెప్తారు అని రాసింది ఆవిడ నాలుగో అధ్యాయంలో, మొదటి రెండు నిమిషాలూ బాగున్నావా, భోంచేశావా. ఆ వాక్యం కింద ఆరా గీసిన గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

ఆ పుస్తకం దొరికిన రోజు బాగా గుర్తు, పాత పుస్తకాల బండి, కుట్టుపని నేర్పే పుస్తకానికీ పాత అట్లాసుకీ మధ్య ఇరుక్కుని. రైల్వే టైంటేబులేమో అనుకుని తీసింది. 'ఈ ఊళ్ళో నా గొంతు తెలియనివాళ్ళు లేరు, నా మొహం తెలిసినవాళ్ళు లేరు' అని మొదటి వాక్యం. నిలబడి పదకొండు పేజీలు చదివేసింది, బండాయన "కొంటారా, కుర్చీ వెయ్యమంటారా" అన్నాడు. అంతకుముందు ఆమె చదివిన ఆత్మకథలన్నీ గొప్పవాళ్ళవి, పుట్టినప్పటి నుంచీ తాము గొప్పవాళ్ళం అవుతామని తెలిసి బతికినట్టు రాసుకున్నవి. ఐదేళ్ళప్పుడు అరుగు మీద నుంచి పడితే అందులోనూ దేశానికి పనికొచ్చే సందేశముంటుంది. ఆపరేటరమ్మ పడితే ఉత్తినే పడుతుంది, మోకాలు చెక్కుకుంటుంది. ఇది నిజం, ఈవిడ అబద్ధం చెప్పదు అని ఆ బండి దగ్గరే నమ్మేసింది ఆరా. పరిశోధకురాలు అలా నమ్మకూడదని తర్వాత చదువుకుంది. ఆత్మకథలో ముగ్గురుంటారట, బతికినావిడ, గుర్తుతెచ్చుకుంటున్నావిడ, రాస్తున్నావిడ, ముగ్గురూ ఒకే చీర కట్టుకుని తిరుగుతుంటారు, ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో పట్టుకోవడమే మన పని అని గైడు గారు మొదటి రోజే చెప్పారు. ఇంటికెళ్ళి అదే చెప్తే మొగుడు పళ్ళెంలోంచి తలెత్తి, "మనిషి తన గురించి తనే చెప్పుకుంటే దాన్నెట్లా నమ్ముతారే?" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. "లిఫ్టు కూడా రెండో అంతస్తులో ఉన్నానని అంకె చూపిస్తుంది. తలుపు తీస్తే గొయ్యి. నేను అంకె చూసి కాలు పెట్టను, టార్చి వేసి చూస్తాను." ఆ మాట కూడా ఉపోద్ఘాతంలో పెట్టబోతే గైడు గారు కొట్టేశారు.

టార్చి వేసిందా తను? వేశాననే అనుకుంది. ఆ పన్నెండేళ్ళ గొయ్యి కనపడగానే గుండె ఎంత వేగంగా కొట్టుకుందో! ఏదో జరిగుంటుంది, చెప్పుకోలేనిది. పెళ్ళి చేసుకోలేదు కదా, మరి ఎవరైనా ఉండేవారేమో, పోయారేమో. ఐదో అధ్యాయం ఆఖరి పేజీలో తలదువ్వుకుంటూ అద్దంలో చూసుకుని 'ఇంకా బాగానే ఉన్నాను' అంటుంది, ఆ ఒక్క వాక్యం మీద పద్నాలుగు పేజీలు లాగింది. ఇక్కడ రచయిత్రి మాటలు ఆగిపోయేంత దుఃఖం ఉంది, ఆత్మకథలో రాయనిదే అసలు ఆత్మకథ, అని తేల్చేసింది. సెమినార్లో చదివితే మూడో వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. పత్రికలో అచ్చయింది. ఎవరెవరో తమ వ్యాసాల్లో ఎత్తి రాసుకున్నారు. ఇంకో ఆడమనిషి కడుపులో దుఃఖం దొరికిందని తను నెల రోజులు ఉత్సాహంగా తిరిగింది, నిద్రలేచి కాఫీ తాగుతూ కూడా నవ్వుకునేది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. ఆవిడకి దుఃఖం ఉండాలని కోరుకుంది తను, అదీ సంగతి.

"ఎడమ చెవికి మారుద్దామండీ." ఏవో చిన్న పెట్టెలు తెరిచిన చప్పుడు. పదీ ఇరవై. అక్క ఉంటే ఈపాటికి ఆ నోటుబుక్కు తీసి రెండు పేజీలు చదివేసి మళ్ళీ పెట్టేసేది, అక్కకి అనుమానాలు లేవు. గుండీ సంగతిలో కూడా అంతే. చిన్నప్పుడు తను కోటు గుండీ మింగిందని ఆరా ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్తూనే ఉంది, ఆసుపత్రి వరండా, చల్లటి బల్ల, నోట్లోకి డాక్టరు వేసిన వెలుగు, నాలిక మీద ఇత్తడి రుచి. పోయినేడు ఎవరి పెళ్ళిలోనో అక్క నలుగురి ముందూ, "అది మింగింది నేనే. నువ్వు అప్పటికి అమ్మ చంకలో ఉన్నావు," అంది. మరి ఇత్తడి రుచో? "నేను చెప్పగా విన్నావు." ఇద్దరూ గొడవపడి అమ్మకి ఫోన్ చేస్తే, అమ్మ "ఎవరో ఒకరు మింగారు, బయటికొచ్చింది కదా, ఇప్పుడెందుకు" అని పెట్టేసింది. ఆరా అప్పుడు నవ్వేసింది గానీ ఆ రాత్రి నాలికతో పళ్ళ వెనకాల వెతుక్కుంది, రుచి ఉంది, ఇప్పటికీ ఉంది. ఎవరి నోటిదో మరి.

చెయ్యి టీపాయి దాకా వెళ్ళిందని మేనకోడలు గ్లాసుతో వచ్చేదాకా తెలియలేదు. చప్పున వెనక్కి తీసుకుని మెడ గోక్కుంది. యాభై ఏళ్ళుంటాయి మేనకోడలికి, ఎదుటివాళ్ళ తప్పు చూసి చూడనట్టుండే రకం. నీళ్ళిచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "పత్రికలో మీరు రాసింది అత్తకి నేనే చదివి వినిపించానండీ," అంది. "చెవి దగ్గర అరిచి అరిచి. నాలుగు రోజులు పట్టింది." ఆరా గ్లాసు దించింది. "ఏమన్నారు?" మేనకోడలు కొంచెం ఆలోచించింది. "తిట్టలేదు. నవ్వలేదు. 'పాపం, ఈ పిల్ల ఎంత కష్టపడిందో' అంది." గ్లాసు తీసుకుని లేస్తూ, "తర్వాత అటక మీద నుంచి ఇవి తీయించింది. పుస్తకం అచ్చయిన పదమూడేళ్ళకి ఇదే మొదటిసారి," అని వెళ్ళిపోయింది.

పాపమట! తిట్టినా బాగుండేది. ఇంకా అరగంటుంది, ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. వంట్లో బాగోలేదని చెప్పొచ్చు. వీధి చివర బస్సు స్టాపుంది. వెళ్ళిపోతే నాలుగో అధ్యాయం అలాగే ఉంటుంది, పుస్తకంలో మౌనం ఉన్నమాట నిజమే కదా, అచ్చులో లేనిది లేనట్టే, గైడు గారు ఒప్పుకుంటారు, పరీక్షకులు ఒప్పుకుంటారు, పేరు ముందు డాక్టరని తగిలించుకోవచ్చు. ఎవరికీ తెలియదు, తనకి తప్ప. తనకి కూడా ఏం తెలుసని? లోపల ఏముందో తెలియకుండానే వెళ్తుంది కదా. అదే మరి చిక్కు, తెలియకుండా ఎలా వెళ్తుంది? ఎప్పుడో పట్టా చేతికిచ్చినప్పుడు నవ్వుతూ ఫొటో దిగుతుంది, దిగుతూ ఆ నీలం అట్ట గురించే అనుకుంటుంది. కూతురి పెళ్ళిలో అనుకుంటుంది, రిటైరైన రోజు అనుకుంటుంది. ఏముందో అందులో? పోనీ నిజంగానే దుఃఖం ఉందేమో, తను రాసిందంతా అక్షరాలా నిజమేమో. అలా కూడా జరగొచ్చు కదా. ఫోన్ వణికింది, గైడు గారి మెసేజి, 'వెళ్ళలేదు కదా?' జవాబు రాయబోయి, ఏం రాయాలో తోచక, ఫోన్ బోర్లించి పెట్టింది. కాళ్ళు మాత్రం లేవలేదు. మనిషి స్వభావం మోకాళ్ళలో ఉంటుంది కాబోలు అనుకుంది, ఆ కష్టంలోనూ కొంచెం నవ్వొచ్చింది.

చెవి మిషనాయన పెట్టె సర్దుకుని ఆరాకి తలూపి వెళ్ళిపోయాడు. వెనకే మేనకోడలి చెయ్యి పట్టుకుని ఆపరేటరమ్మ వచ్చింది. ఎనభై మూడేళ్ళు, చాలా చిన్న మనిషి, ఇంత చిన్న మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చేదో. కుర్చీలో కూర్చుని, చెవి సవరించుకుని, "లైన్లో ఉన్నావా?" అంది.

"ఉన్నానమ్మా," అంది ఆరా, లేచి నిలబడి.

"కూర్చో. నువ్వు అలా గుండెల మీద రాయి పెట్టుకున్నట్టు చూడకు. ఆరోది చూశావా?"

"లేబులొకటే చూశాను."

"అన్నిట్లోకీ ముందు రాసింది అదే. పదిహేను రోజుల్లో రాసేశాను, చెయ్యి ఆగితే ఒట్టు. అంత బాగా ఇంకేదీ రాయలేదు. ప్రెస్సుకి ఇచ్చేముందు మా తమ్ముడికి, అదే దీని నాన్నకి, చదివి వినిపించాను. సగంలో వాడు నా వంక అదోలా చూసి, 'అక్కా, నీకు బాబెప్పుడు పుట్టాడు?' అన్నాడు."

బాబు! ఆరా వెన్ను నిటారుగా అయింది. పెళ్ళి కాలేదు, బాబు, పన్నెండేళ్ళు, దాచిపెట్టింది. ఉందే, దుఃఖం ఉందే, నాలుగో అధ్యాయం నిలబడింది, అరవై రెండు పేజీలూ నిలబడ్డాయి అని ఒళ్ళంతా సంబరం పాకింది, అలా పాకిందని మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

"పుట్టలేదు," అంది ఆపరేటరమ్మ నెమ్మదిగా. "నాకు బాబెక్కడివాడు? కానీ రాశాను. జోరున వాన పడటం, నర్సు వచ్చి చెప్పడం, వాడికి పుట్టుకతోనే గోళ్ళు పెరిగి బుగ్గ గీసుకోకుండా చేతులకి గుడ్డ సంచులు తొడగడం, అన్నీ. రాస్తున్నప్పుడు అబద్ధం రాస్తున్నానని నాకు తెలియదమ్మా. తమ్ముడు అడిగాక, మూడు రోజులకి గుర్తొచ్చింది. ఎవరో అబ్బాయి తనకి బాబు పుట్టాడని వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పాడు, లైన్లో విన్నాను. పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. మూడుసార్లు పొడిగించాను."

మేనకోడలు కొంగు అంచు మెలిపెడుతోంది, ఇది ఆమె కూడా మొదటిసారే వింటున్నట్టుంది.

"మరి ఆ ఒక్కటీ తీసేస్తే సరిపోయేది కదమ్మా?" అడిగింది ఆరా. అడగకుండా ఉండలేదు.

"అలాగే అనుకున్నాను. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నీలం గొడుగు పారేసుకుని ఏడ్చానని రాశాను, అది నేనా, విన్నానా? ఒకాయన స్టేషన్లో రెండు రైళ్ళు వదిలేసి నాకోసం కూర్చున్నాడని రాశాను. నాకోసమేనా? అమ్మ చేతిని కడసారి పట్టుకోవడం, ఏ అమ్మది? పన్నెండేళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవుల్లో ఊరూరి జనం. నావీ కొన్ని ఉంటాయి అందులో, నేనూ బతికాను కదా ఆ పన్నెండేళ్ళూ. ఏవో తెలియలేదు. ఇతరుల సొత్తు అచ్చు వేసుకోకూడదని మొత్తం పక్కన పెట్టేశాను. వాటితో పాటు నావీ పోయాయి." ఆ ఆఖరి మాట దగ్గర గొంతు కొంచెం జీరపోయింది, కొత్త మిషనులో తనకే వినపడి, చెవి సవరించుకుంది. "తమ్ముడు పోయాడు. అప్పటి మనుషులు ఎవరూ లేరు. నువ్వు రాసింది విన్నాక అనిపించింది, లేనిదాంట్లో ఇంత చూసిన పిల్ల ఉన్నదాంట్లో ఎంత చూస్తుందో అని. నా రాత నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఏవి నావో చెప్పు."

ఆరా లోపలే లెక్కలు కట్టేసింది. మూడు నెలలైనా పడుతుంది, మిగతా ఎనిమిదీ దీని పక్కన పెట్టి చూడాలి, ఆవిడ గొడుగుల గురించి ఎక్కడెక్కడ రాసిందో, స్టేషన్ల గురించి ఎలా రాస్తుందో, ఏ సంగతుల్లో చూపు ఉందో ఏ సంగతుల్లో చప్పుడు మాత్రమే ఉందో, అబ్బ, చప్పుడు మాత్రమే ఉన్నవన్నీ విన్నవే అయ్యుంటాయి కదూ, కానీ బాబు గోళ్ళు చూసినట్టే రాసిందే, మరి? ఆలోచన దానంతటదే పరుగెత్తుతుంటే ఆరాకి తెలిసిపోయింది, రేపు ఐదు దాటిపోతుంది, గడువూ పోతుంది. భయం వేసింది. ఏడుపూ వచ్చింది. అయినా ఫోన్ తీసి బైండింగు షాపుకి కలిపి, "అట్టలు అతికించకండి. అవునండీ, నాలుగూ. లేదు, ఎప్పటికో చెప్పలేను," అంది. గైడుకి ఏం చెప్పాలో సాయంత్రం చూసుకోవచ్చు.

"తప్పు చెప్తానేమోనమ్మా," అంది. "ఒకసారి చెప్పాను కదా ఇప్పటికే."

"చెప్పు. ఈసారి పక్కనే ఉంటాను." ఆపరేటరమ్మ నీలం అట్ట నోటుబుక్కు తీసి, కళ్ళజోడు పెట్టెలోంచి ఎర్ర పెన్సిలు తీసి, రెండూ ఆరా చేతిలో పెట్టింది. "నావి కానివి కొట్టెయ్యి. గట్టిగా చదువు, ఎలా వినిపిస్తాయో చూస్తాను."

ఆరా ఎక్కడ తెరిచిందో అక్కడే చదవడం మొదలుపెట్టింది. 'వాన ఆగలేదు. మేడ మీద రేకులు మోగుతుంటే నర్సు చెప్పింది నాకు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాను. బాబు అంది. దగ్గరికి తెచ్చి చూపించింది. వేళ్ళు చూశాను ముందు, అగ్గిపుల్లల్లా ఉన్నాయి, గోళ్ళు అప్పుడే పెరిగి...' చదువుతూ పక్కకి చూసింది. ఆవిడ కళ్ళు మూసుకుని, కొత్త చెవిని అరచేత్తో కప్పుకుని వింటోంది, పెదవులు ప్రతి మాటకీ కదులుతున్నాయి, ఏ మాటా మర్చిపోలేదు. పేజీ అయిపోయింది. ఇందులో పరిశోధన చేయడానికేముంది, ఇది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆరా పెన్సిలు మొన పేజీ మీద ఆనించింది.

"అది నాది కాదు," అంది ఆపరేటరమ్మ కళ్ళు తెరవకుండానే. "మొత్తంలో ఖాయంగా తెలిసింది అదొక్కటే." చెయ్యి చాచి, తడుముకుంటూ, పెన్సిలు పట్టుకున్న వేళ్ళని దొరకబుచ్చుకుంది. "దాన్ని మాత్రం కొట్టెయ్యకమ్మా."